చెవి మఱచిన యక్షరములు



ఉచ్చారణ మనఁగానే వేదపాఠము చెప్పు ఘనాపాఠి జ్ఞప్తికి వచ్చును. పదము, క్రమము, జట, ఘనము అని యొకే మంత్రమును ముందువెనుకలుగా వల్లింపఁజేసి, యొక్క స్వరమైనను జాఱకుండఁ బ్రాచీనులు కట్టుదిట్టము చేసిరి. తెనుఁగు మాటకు మాత్ర మట్టి కావలి లేదు. అందుచే మన నోటినుండి జాఱిపోయిన ధ్వనులనుగూర్చి నేఁడు కొంచెము ముచ్చటించెదను.

కడప మండలమందలి కలమళ్ళ శాసనము రేనాటి చోళులది, సుమారు క్రీ. శ. 575 నాఁటిది. తెనుఁగు శాసనములలో నిదియే మొదటిదని పెక్కురి మతము. అందు "రేనాణ్డు" అని యున్నది. ముక్కుతోఁ బలుకు నా యక్షరము నిండుగా నున్న కాలమది. కావ్యములనాఁటి కది యరసున్నయై "నాఁడు" అయ్యెను. ఇప్పటి వ్రాఁతలో నదియును లేదు. అఱవమున సంవత్సరమును "ఆండు" అందురు. మన "ఏఁడు" దాని తోఁబుట్టువు. అరసున్న తీసివైచినచో నదియే లెక్కలోని యేడు!

శకటరేఫము కథ యింకను విచిత్రము. ఏరుట బియ్యములోని బెడ్డలు తీయుట, ఏఱు నది. అరుగుట పోవుట, అఱుగుట తిన్నది జీర్ణమగుట. నన్నయ తిక్కనలు ప్రాసస్థానమున నీ రెంటిని గలుపరు. తరువాతివారు కలిపిరి. 17వ శతాబ్దిలోఁ గాకునూరి యప్పకవి ఱకారము గల మాటలకుఁ బట్టిక వ్రాయవలసి వచ్చెను. నోరు పలుకుచున్నంతకాలము పట్టిక యక్కఱలేదు గదా! అప్పటికే యా ధ్వని గతించెనని నా తలంపు. అట్టి దానిని బలుకలేదని నేఁటి బాలుని గద్దించుట న్యాయము కాదు.

నిలిచియున్నవి వేఱు గలవు. చాపయందలి చకారమును, చీమయందలి చకారమును అక్షరమెఱుఁగని ముదుసలియు వేఱువేఱుగాఁ బలుకును. వ్రాఁతలో రెంటికి నొకటే గుర్తు. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున దీనికి సూత్రము కట్టెను. ముదుసలి యా సూత్రము విననేలేదు. అచ్చు చూచి చదువు నేర్చిన పట్టణపు బాలురే కొందఱు రెంటిని నొకటి చేయుచున్నారు. ళకారమును నట్లే చెడుచున్నది. "కళ్ళు ఎఱ్ఱనైన" వనఁబోయి "కల్లు" అనినచో, విన్నవారు కారణమును వెంటనే యూహింతురు!

నేను దిరిగిన యూళ్ళలో "ఏరు", "ఏఱు" వేఱుగాఁ బలికిన వృద్ధు నొక్కనిఁ గానలేదు. చాపకును జీమకును గల భేదము మాత్రము ప్రతి యూరను వింటిని.