పుట్టుమచ్చల తొలి ఫోటోలు, చర్మ క్యాన్సర్ పరిశీలన: ఉప్పల్, నాచారం

ఒంటిమీది మచ్చలన్నింటినీ ఒక రోజున పద్ధతి ప్రకారం ఫోటోలు తీసి దాచిపెట్టి, కొన్ని నెలలకో ఏడాదికో మళ్లీ చూసినప్పుడు వాటితో పోల్చుకోవడమే తొలి ఫోటోల పద్ధతి. కొత్తగా పుట్టిన మచ్చనూ, మారుతున్న మచ్చనూ పసిగట్టి, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను పలచగా ఉన్న దశలోనే పట్టుకోవడం దీని ప్రధాన ఉద్దేశం. తెల్లని చర్మం ఉన్న దేశాల్లో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. అక్కడ ఎక్కువ శ్రద్ధ వీపు మీద, కాళ్ల మీద పెడతారు. హైదరాబాద్ తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల వారి చర్మానికి ఆ పటం సరిపోదు. ఇక్కడ ముందుగా ఫోటో తీయవలసినవి అరికాళ్లు, అరచేతులు, గోళ్లు, పాత కాలిన మచ్చలు.

అవసరం

మెలనిన్ రంగును తయారుచేసే మెలనోసైట్ కణాలు అదుపు తప్పి పెరిగితే మెలనోమా వస్తుంది. చాలామంది అనుకున్నట్టు పాత పుట్టుమచ్చే క్యాన్సర్‌గా మారడం అంత తరచు కాదు. మెలనోమాల్లో సుమారు 30 శాతమే పాత మచ్చల నుంచి వస్తాయి. మిగిలినవి మచ్చలేని చర్మం మీద కొత్తగా పుడతాయి. అందుకే అనుమానం ఉన్న ఒక్క మచ్చను ఫోటో తీస్తే చాలదు, మచ్చలేని చోటు కూడా నమోదు కావాలి. నిరుడు అక్కడ ఏమీ లేదని చెప్పగలిగేది పాత ఫోటో ఒక్కటే.

చికిత్స ఫలితాన్ని ముఖ్యంగా గడ్డ లోతు నిర్ణయిస్తుంది. అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో ఈ లోతును మిల్లీమీటర్లలో కొలిచే విధానం చెప్పాడు. ఒక మిల్లీమీటరు లోపు ఉన్నదాన్ని కోసి తీసేస్తే చాలామందికి అంతటితో తీరిపోతుంది. అమెరికా లెక్కల ప్రకారం, పుట్టిన చోటే ఉన్న మెలనోమా రోగుల్లో అయిదేళ్ల మనుగడ 99 శాతం పైన ఉంది. దూరపు అవయవాలకు పాకితే అది దాదాపు మూడో వంతుకు పడిపోతుంది.

తెలుగువారికి పుట్టుమచ్చను కాగితం మీదకు ఎక్కించడం కొత్త కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలుగా రెండు పుట్టుమచ్చలు రాయడం ఆనవాయితీ. అందులో చోటు మాత్రమే ఉంటుంది. సైజు, రంగు, అంచు ఉండవు. మనిషిని గుర్తుపట్టడానికి ఆ వివరం సరిపోతుంది, మార్పును గుర్తుపట్టడానికి సరిపోదు.

చరిత్ర

1868లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి నుంచి ఫోటోలతో చర్మవ్యాధుల గ్రంథం వెలువడింది. మచ్చల మీద నిఘాకు ఫోటోలను వాడడం మాత్రం 1980లలో ఊపందుకుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు 1985లో మెలనోమా గుర్తులుగా నాలుగు చెప్పారు: రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండడం, ఒకే మచ్చలో పలు రంగులు, 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు. 2004లో అయిదో గుర్తుగా 'మార్పు' చేరింది. మొదటి నాలుగింటినీ ఒక్కసారి చూసి చెప్పవచ్చు. అయిదోదాన్ని చెప్పాలంటే పాత నమోదు ఉండాలి.

1998లో ఫ్రెంచి వైద్యులు మరో సూత్రం తెచ్చారు. ఒక మనిషి మచ్చలన్నీ సాధారణంగా ఒకే పోలికతో ఉంటాయి, ఆ గుంపులో కలవని మచ్చను అనుమానించాలన్నదే ఆ సూత్రం. ఒళ్లంతా కనిపించే ఫోటోలో ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. ఇప్పుడు పెద్ద కేంద్రాల్లో 92 కెమెరాలు ఒకేసారి ఫోటోలు తీసి ఒంటి త్రీడీ బొమ్మను తయారుచేసే యంత్రాలున్నాయి. జర్మనీ 2008 జూలై నుంచి 35 ఏళ్లు దాటిన వారికి రెండేళ్లకోసారి చర్మ పరీక్షను ఆరోగ్య బీమాలో చేర్చింది.

చర్మపు రంగు, ఉప్పల్ రోడ్డు పరిశోధన

హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి పక్కనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది. 1977లో మొదలైన ఈ సంస్థ శాస్త్రవేత్తలు, కుమారస్వామి తంగరాజ్ తదితరులు, ఎస్టోనియా పరిశోధకులతో కలిసి భారతీయుల చర్మపు రంగును కొలిచారు. 2013లో 'ప్లాస్ జెనెటిక్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. లేత రంగుకు కారణమయ్యే ఎస్‌ఎల్‌సీ24ఏ5 జన్యు రూపాంతరం ఐరోపా వారికీ దక్షిణాసియా వారికీ ఒకే మూలం నుంచి వచ్చిందని తేల్చారు. ఒకే వీధిలో, ఒకే ఇంట్లో కూడా చామనఛాయ, ఎరుపు, నలుపు కనిపించడానికి ఈ జన్యువు ఒక కారణం.

మెలనిన్ ఎక్కువగా ఉన్న చర్మం అతినీలలోహిత కిరణాలను బాగా అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియాలో 2020లో లక్ష మందికి సుమారు 36 మందిలో కొత్తగా మెలనోమా బయటపడింది. భారతదేశంలో ఈ సంఖ్య లక్షకు ఒకటి కంటే తక్కువ. వ్యాధి అరుదే అయినా రెండు ఇబ్బందులున్నాయి. ఎవరూ అనుమానించరు కాబట్టి ముదిరాక బయటపడుతుంది. అందులోనూ ఎక్కువ పాలు ఎండ తగలని చోట వస్తుంది.

అరికాలు, గోరు

అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వచ్చే రకాన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే చనిపోయింది ఈ రకంతోనే. కాలి బొటనవేలి గోటి కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు.

మన దగ్గరా ఇలాంటి పొరపాట్లకు చోటుంది. అరికాలి నల్లమచ్చ ఆనెకాయ అనిపించుకుంటుంది. పుండు పడితే ముల్లు గుచ్చుకుందంటారు, షుగర్ ఉంటే షుగర్ పుండంటారు. గోటి కింద నలుపును తలుపు నలిపిన దెబ్బ అనుకుంటారు. దెబ్బతో చేరిన రక్తమైతే గోరు పెరిగే కొద్దీ ముందుకు జరిగి పోతుంది. మెలనోమా నలుపు మాత్రం గోటి మొదలు నుంచి గీతలా వచ్చి, కదలకుండా అక్కడే వెడల్పవుతుంది. నెలకోసారి తీసిన నాలుగు ఫోటోలు పక్కపక్కన పెడితే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

నల్లని చర్మం వారిలో పలు గోళ్ల మీద సన్నని గోధుమరంగు గీతలు ఉండడం సహజం, వాటికి భయపడనక్కర్లేదు. ఒకే గోటికి, ముఖ్యంగా బొటనవేలికి, పెద్దవయసులో కొత్తగా వచ్చిన గీత, 3 మిల్లీమీటర్లు దాటిన గీత, గోరు చుట్టూ ఉన్న చర్మానికి నలుపు పాకిన గీత ఉంటే డాక్టరుకు చూపించాలి. నలుపు ఇలా చర్మానికి పాకడాన్ని జొనాథన్ హచిన్సన్ 1886లో వర్ణించాడు. అది నేటికీ ఆయన పేరుతోనే చెలామణిలో ఉంది.

అరికాలి చర్మం దున్నిన మడిలా చాళ్లు, గట్లుగా ఉంటుంది. డెర్మోస్కోప్ అనే పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సుతో చూస్తే, మామూలు మచ్చ రంగు చాళ్లలో కనిపిస్తుంది. మెలనోమా రంగు గట్ల మీద పరుచుకుంటుంది. జపాన్ వైద్యుడు తోషియాకి సైదా బృందం తేల్చిన ఈ తేడా అరికాలి మచ్చల పరీక్షకు ఆధారం.

ఇతర చర్మ క్యాన్సర్లు

భారతదేశంలో మెలనోమా కంటే స్క్వామస్ సెల్, బేసల్ సెల్ క్యాన్సర్లు ఎక్కువ. బేసల్ సెల్ క్యాన్సర్ మన చర్మం మీద తరచుగా నల్లగా ఉండి పుట్టుమచ్చలా భ్రమింపజేస్తుంది. పాత కాలిన మచ్చలో, ఏళ్ల తరబడి మానని పుండులో స్క్వామస్ సెల్ క్యాన్సర్ పుట్టవచ్చు. దీన్నే మార్జొలిన్ పుండు అంటారు. కాలిన నాటి నుంచి ఇది బయటపడడానికి సగటున 30 ఏళ్లు పడుతుంది. పంచె, లంగా బొందు నడుముకు బిగుతుగా కట్టే చోట ఒరిపిడి వల్ల వచ్చే క్యాన్సర్‌ను ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే నమోదు చేశారు. కాలిన గాయాల గుర్తులున్న వారు ఆ చోటునూ, చీర కట్టేవారు నడుం చుట్టునూ తొలి ఫోటోల్లో చేర్చడం మంచిది.

ఫోటోలు తీసే పద్ధతి

క్లినిక్‌లో నిర్ణీత భంగిమల్లో 20 నుంచి 30 ఫోటోలు తీస్తారు. అనుమానం ఉన్న ప్రతి మచ్చనూ డెర్మోస్కోప్‌తో విడిగా తీస్తారు. ఇంట్లో ఫోన్‌తో తీసుకునేవారికి ఈ జాగ్రత్తలు అవసరం:

- కాళ్లకు రాసిన పసుపు, పారాణి కడగాలి. మెట్టెలు, గోళ్ల రంగు తీసేయాలి. గోరింటాకు చర్మం మీద కొద్ది రోజుల్లో పోయినా గోటి మీద నెలల తరబడి ఉంటుంది. తొలి ఫోటోలు తీయబోయే ముందు పెట్టుకోకపోవడమే మేలు.
- ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపాలి. అది చర్మాన్ని తెల్లగా చేసి, చిన్న మచ్చలను చెరిపేస్తుంది.
- ఫ్లాష్ లేకుండా, కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీయాలి. ప్రతిసారీ అదే చోటు, అదే దూరం పాటించాలి.
- దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయాలి. దగ్గరి ఫోటోలో మచ్చ పక్కన మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు పెట్టాలి.
- కాలివేళ్ల సందులు, మడమ, చెవుల వెనుక, వీపు వదలకూడదు. వీపును ఇంట్లో వారెవరైనా తీయాలి.
- వాట్సాప్‌లో ఫోటోగా పంపితే వివరం తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. ఒంటి ఫోటోలు కాబట్టి ఫోల్డర్‌కు తాళం వేయాలి.

పోల్చడం

నెలకోసారి చూసుకోవడం, ఏడాదికోసారి ఫోటోలు మళ్లీ తీయడం ఇంటివరకు సరిపోతుంది. చదునుగా ఉండి కొంచెం అనుమానం కలిగించే మచ్చను డాక్టర్లు మూడు నెలలకు డెర్మోస్కోప్‌తో మళ్లీ చూస్తారు. ఉబ్బుగా, గట్టిగా ఉండి వారాల్లో పెరుగుతున్న గడ్డకు ఈ నిరీక్షణ పనికిరాదు. దాన్ని వెంటనే బయాప్సీ చేయాలి. రక్తం కారడం, పుండు పడడం, మానకపోవడం కూడా అంతే.

ప్రతి మార్పూ క్యాన్సర్ కాదు. పిల్లల్లో, కడుపుతో ఉన్నవారిలో పుట్టుమచ్చలు మారుతుంటాయి. వయసుతో ముఖం మీద వచ్చే చిన్న నల్ల బొడిపెలు, పులిపిర్లు, మంగు మచ్చలు హానిలేనివి. నలభై దాటాక కొత్తగా వచ్చిన, మిగతావాటితో పోలిక లేని మచ్చ మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి.

పరిమితులు

ఫోటో వ్యాధిని నిర్ధారించదు, అనుమానాన్ని మాత్రమే చూపుతుంది. నిర్ధారణ బయాప్సీతోనే జరుగుతుంది. ఏ లక్షణమూ లేని వారందరికీ చర్మ పరీక్ష చేస్తే మేలు కలుగుతుందని చెప్పడానికి ఆధారాలు చాలవని అమెరికా నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ 2023లో ప్రకటించింది. వ్యాధి మరీ అరుదైన మన దగ్గర అందరికీ ఒళ్లంతా ఫోటోలు తీయడం అనవసరపు ఖర్చు. వందకు పైగా మచ్చలున్న వారికి, కుటుంబంలో మెలనోమా ఉన్నవారికి, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి మాత్రం ఇది ఉపయోగకరం.

కృత్రిమ మేధ యాప్‌లను నమ్ముకోవడం సరికాదు. అవి నేర్చుకున్న ఫోటోల్లో ఎక్కువ భాగం తెల్ల చర్మానివే. నల్ల చర్మం మీద వాటి ఖచ్చితత్వం పడిపోతోందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో చూపించారు.

అందుబాటులోని ఆసుపత్రులు

నాచారం పారిశ్రామికవాడ, మల్లాపూర్, ఉప్పల్ కార్మికుల్లో ఈఎస్‌ఐ చందాదారులకు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి దగ్గరలో ఉంది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రికి వెళ్లాలంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, దాని పక్కనున్న జేబీఎస్ స్టేషన్ నుంచి గ్రీన్ లైన్ పట్టుకోవాలి. క్యాన్సర్ తేలితే రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అమీర్‌పేటలో రైలు మారితే లక్డీకాపూల్ వరకు మెట్రోలోనే వెళ్లవచ్చు. క్యాన్సర్ చికిత్సలు ఆరోగ్యశ్రీ కిందకు వస్తాయి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఫోటోను తేదీతో సహా వెంట తీసుకెళ్లండి. చెప్పులూ సాక్సులూ విప్పి, రెండు అరికాళ్లనూ చూడమని మీరే అడగండి.