సింహళ క్షేత్రాలలో రోమన్ కంచు నాణేలు: గుర్తింపు, కాలనిర్ణయం

తెలుగునాట రోమన్ నాణెమనగానే స్ఫురించేవి వెండి, బంగారం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో లభించిన 1531 వెండి దేనారియస్‌లలో అధికభాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. శ్రీలంకలో పరిస్థితి భిన్నమైనది. అక్కడ వేలకొలది లభించినవి క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటి చిల్లర కంచు నాణేలు. బొటనవేలి గోరంత ఉండే ఈ అరిగిన బిళ్ళల ఆధారంగా ఒక కట్టడానికి కాలం నిర్ణయించేటప్పుడు మిక్కిలి జాగ్రత్త అవసరం.

కాన్‌స్టంటైన్ వంశీకుల కాలంలో విస్తారంగా ముద్రితమైన ఒక రకాన్ని పరిశీలిద్దాం. ముందువైపు చక్రవర్తి శిరస్సు, చుట్టూ పేరు, బిరుదు ఉంటాయి. వెనుకవైపు ఈటె, డాలు ధరించిన ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలిచి ఉంటారు. చుట్టూ ఉన్న 'గ్లోరియా ఎక్సెర్కిటుస్' అనే లాటిన్ లేఖనానికి సేనాయశస్సు అని అర్థం. సైనికుల నడుమ ధ్వజాలు రెండుంటే ముద్రణకాలం సుమారు 330–335. ఒక్కటే ఉంటే అటు తరువాతిది, బరువు కూడా తగ్గుతుంది. కుమారుల నాణేలపై సీజర్ బిరుదుంటే 337 సెప్టెంబరు 9కి పూర్వపువి; అగస్టస్ బిరుదుంటే ఆ తరువాతివి. అడుగుగీత కింది అక్షరాలు టంకశాలను తెలుపుతాయి: 'ఎస్ ఎమ్' తరువాత 'ఏ ఎల్' ఉంటే అలెగ్జాండ్రియా, 'ఏ ఎన్' ఉంటే ఆంటియోక్.

ఇంతవరకు తెలిసినది ముద్రణకాలం మాత్రమే. ఈ చిల్లర దశాబ్దాల తరబడి చెలామణి అయింది. 4వ శతాబ్దపు నాణేలు 5వ శతాబ్దపు వాటితో కలిసి ఒకే నిధిలో కనిపిస్తాయి. పైగా ద్వీపంలోనే వీటికి అనుకరణలు తయారయ్యాయి. వాటిపై అక్షరాలు అర్థంలేని గీతలుగా మారినా బొమ్మ పోలిక మిగిలింది. అట్టి అనుకరణను కాన్‌స్టంటైన్ నాణెంగా భ్రమిస్తే, విహారం వయసు నూరేళ్ళు వెనక్కు జరుగుతుంది. ఇటుకల నేల కింద, చెదరని పొరలో 336 నాటి అసలు నాణెం దొరికినా, ఆ నేల 336కు పూర్వం వేసినది కాదని మాత్రమే సిద్ధిస్తుంది. 450లో వేసినదైనా కావచ్చు.

విహారంలో నాణెం దొరకడంతోనే భిక్షువులు ధనం స్వీకరించారని తీర్మానించడమూ తొందరపాటే. రజతాన్ని స్వీకరించరాదన్న శిక్షాపదాన్ని వివరిస్తూ వినయపిటకం కార్షాపణంతోపాటు లోహ, దారు, లాక్షా మాషకాలను, అనగా వ్యవహారంలో చెల్లేవాటినన్నిటిని, రజతంలోనే చేర్చింది. కంచు చిల్లరకు మినహాయింపు లేదు. అయితే విహారానికి వచ్చేది భిక్షువులొక్కరే కాదు. 5వ శతాబ్ది ఆరంభంలో ఫాహియాన్ అనురాధపురంలో, పచ్చరాతి బుద్ధప్రతిమ ఎదుట ఒక వర్తకుడు చీనా పట్టు విసనకర్ర అర్పించడం చూశాడు. యాత్రికులు, దాతలు, కప్పియకారకులు, పనివారు, వీరిలో ఎవరి చేతినుండి నాణెం జారిందో అది దొరికిన చోటు మాత్రమే సూచించగలదు.

కనుక నాణెం దొరికిన వెంటనే చింతపండుతోనో ఆమ్లంతోనో తోమరాదు. పైపొరతోపాటు అక్షరాలూ పోతాయి. మొదట పొర, స్థానం, బరువు, వ్యాసం, రెండు ముఖాల దిశ నమోదు చేయాలి. చక్రవర్తి పేరు ఆ తరువాత వెతకవచ్చు. చెదిరిన పొరను మాత్రం తిరిగి పేర్చలేము.