ఆఫ్‌సైడ్, హ్యాండ్‌బాల్ తగాదాలు: రూలు ఏం చెబుతుంది? హైదరాబాద్ ఫుట్‌బాల్ ఏం నేర్పింది?

గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు క్రికెట్‌దే పైచేయి. అయినా స్కూల్ గ్రౌండులోనో, కోత అయిపోయిన మడిలోనో పిల్లలు ఫుట్‌బాల్ ఆడితే రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. ఒకటి "ఆఫ్‌సైడ్ భాయ్, గోల్ లేదు". రెండోది "చెయ్యి తగిలింది, పెనాల్టీ ఇవ్వు". లీగు, లైన్స్‌మన్, కెమెరా ఏవీ లేని ఆట కదా, సగం మ్యాచ్‌లు అక్కడే ఆగిపోతాయి. ఒక్కోసారి గ్రౌండులో మొదలైన మాట ఇంటిదాకా, మొహల్లాదాకా వస్తుంది. రూలు సరిగ్గా తెలిస్తే ఈ తగాదాల్లో చాలావరకు పుట్టనే పుట్టవు.

ఆఫ్‌సైడ్ అంటే ఏమిటి?

ఫుట్‌బాల్ రూల్స్‌లో ఇది 11వది. తన జట్టువాడు బంతిని తన్నిన క్షణంలో ఆటగాడి తల, ఒళ్లు, కాళ్లలో ఏ భాగమైనా మూడు షరతులకూ లోబడితే అతను ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. అది ఎదుటి జట్టు సగంలో ఉండాలి. బంతి కంటే ముందుండాలి. ఎదుటి జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడి కంటే గోల్ లైన్‌కు దగ్గరగా ఉండాలి. చేతులు లెక్కలోకి రావు. సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు.

ఎక్కువమంది పొరబడేది "చివరి నుంచి రెండోవాడు" అన్న మాట దగ్గరే. మామూలుగా చివరివాడు గోల్‌కీపర్, రెండోవాడు డిఫెండర్. అందుకే చాలామంది డిఫెండర్ ఒక్కడినే చూస్తారు. కీపర్ ముందుకొచ్చేస్తే లెక్క మారుతుంది. 2022 ఖతర్ ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో జరిగింది ఇదే. నవంబర్ 20న ఈక్వడార్ తరఫున ఎన్నెర్ వలెన్సియా మూడో నిమిషంలోనే బంతిని గోల్‌లోకి కొట్టాడు. అంతకు ముందు ఖతర్ కీపర్ బయటికి వచ్చేశాడు, ఈక్వడార్ ఆటగాడు మైకేల్ ఎస్ట్రాడా కాలు రెండో ఖతర్ ఆటగాడిని దాటి ఉంది. వీడియో చూసి గోల్ రద్దు చేశారు. టీవీ ముందున్న లక్షలమందికి మొదట అర్థం కాలేదు.

రెండు రోజుల తర్వాత అర్జెంటీనా మీద సౌదీ అరేబియా 2-1తో గెలిచింది. ఆ మ్యాచ్ మొదటి సగంలో అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్‌కే పోయాయి. సౌదీ డిఫెండర్లు ఒక్కసారిగా ముందుకు జరిగి ఎదుటివాళ్లను వెనక వదిలేయడమే ఆ రోజు వాళ్ల ఎత్తు. ఆఫ్‌సైడ్ ఒట్టి శిక్ష కాదు, తెలిసిన జట్టుకు ఆయుధం కూడా.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఆఫ్‌సైడ్ స్థానంలో నిలబడటం తప్పు కాదు. అక్కడి నుంచి ఆటలో కలగజేసుకుంటేనే తప్పు. బంతిని ముట్టుకోవడం, కీపర్ చూపుకు అడ్డం నిలబడటం, గోల్‌పోస్ట్‌కు తగిలో కీపర్ ఆపినప్పుడో తిరిగొచ్చిన బంతిని అందుకోవడం ఇందులోకి వస్తాయి. గోల్ కిక్, త్రో, కార్నర్ నుంచి నేరుగా అందుకున్న బంతికి ఆఫ్‌సైడ్ లేదు. తప్పు జరిగితే ఇచ్చేది ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్.

ఈ రూలు ఎలా మారింది?

1863లో ఇంగ్లండ్‌లో తొలి రూల్స్ రాసినప్పుడు బంతికి ముందున్నవాడు దాదాపు ఆడటానికే లేదు. 1866లో ఎదుటివాళ్లు ముగ్గురు ముందుంటే చాలన్నారు. 1925లో ఆ ముగ్గుర్ని ఇద్దరు చేశారు. దాంతో గోల్స్ పెరిగాయి, డిఫెన్స్ కట్టే పద్ధతే మారిపోయింది. 1990లో డిఫెండర్‌తో సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదని తేల్చారు. తాత కాలంలో ఆఫ్‌సైడ్ అయింది మనవడి కాలంలో గోల్ అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకీ పిల్లలకీ వాదన వస్తే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు.

చెయ్యి తగిలితే చాలా?

చాలదు. హ్యాండ్‌బాల్ 12వ రూలులో ఉంది. చెయ్యి అంటే చంక అడుగు నుంచి కిందికి. భుజం పైభాగం చెయ్యి కాదు. రెఫరీ చూడాల్సినవి మూడు. కావాలని చేత్తో బంతిని తాకాడా? చెయ్యిని అసహజంగా చాపి ఒంటిని పెద్దది చేశాడా? తన చేతికి తగిలిన బంతి నేరుగా గోల్‌లోకి పోయిందా, లేక తగిలిన వెంటనే తనే గోల్ కొట్టాడా? మూడోదాంట్లో పొరపాటున తగిలినా గోల్ చెల్లదు. 2019లో ఇంకా కఠినంగా రాసి, 2021లో గోల్ కొట్టినవాడి చెయ్యి వరకే దీన్ని పరిమితం చేశారు. తోటి ఆటగాడి చేతికి పొరపాటున తగిలి, ఆ తర్వాత ఇంకొకరు గోల్ కొడితే అది చెల్లుతుంది.

పరిగెత్తేటప్పుడు చేతులు ఊగుతాయి, ఎగిరేటప్పుడు లేస్తాయి. ఆ కదలికకు సహజమైన చోట చెయ్యి ఉంటే తగిలినా ఫౌల్ కాదు. "తగిలిందా లేదా" అన్నది సగం ప్రశ్నే. "ఆ చెయ్యి అక్కడ ఎందుకుంది" అన్నది అసలు ప్రశ్న.

కీపర్‌కు ఉన్న వెసులుబాటు కూడా మొదట్నుంచీ ఇంతే కాదు. 1912 దాకా తన సగం గ్రౌండులో ఎక్కడైనా బంతిని పట్టుకోవచ్చు. తర్వాతే పెనాల్టీ ఏరియాకు పరిమితం చేశారు. ఆ గీత దాటితే కీపర్ చెయ్యి కూడా అందరి చెయ్యిలాంటిదే.

పెద్ద ఆటల్లోనూ ఈ వాదన తెగలేదు. 1986 జూన్ 22న ఇంగ్లండ్ మీద మారడోనా చేత్తో కొట్టిన గోల్‌ను ట్యునీషియా రెఫరీ అలీ బిన్ నాసర్ చూడలేకపోయాడు, గోల్ చెల్లింది. 2010 జూలై 2న ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ ఘనా గోల్‌ను గీత మీద చేత్తో ఆపాడు. రెడ్ కార్డు, పెనాల్టీ రెండూ ఇచ్చారు. ఘనా పెనాల్టీ తప్పింది, చివరికి మ్యాచ్ పోయింది. రూలు అమలైనా న్యాయం జరిగిందా అన్న ప్రశ్న మిగిలింది.

హైదరాబాద్ పాఠం

తెలుగు ముస్లిం కుటుంబాలకు ఫుట్‌బాల్ పరాయి ఆటేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్‌లో 1909లో పుట్టారు, వృత్తి టీచర్. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచే నాటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన జీవితం మీదే.

రహీం సాబ్ స్థానిక కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ లేని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టించారు. డ్రిబ్లింగ్ కుదరకపోతే పాస్ ఇవ్వక తప్పదు, పాస్ ఇవ్వాలంటే ఎవరు ఎక్కడున్నారో తల ఎత్తి చూడక తప్పదు. ఆఫ్‌సైడ్ తెలిసేదీ అదే చూపుతో. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. తర్వాత ఫిఫా రెఫరీ అయ్యి 1988 ఆసియా కప్‌లో విజిల్ ఊదారు. ఒకే ఇంట్లో తండ్రి ఆట నేర్పితే కొడుకు రూలు నిలబెట్టాడు.

హైదరాబాద్‌కే చెందిన మహమ్మద్ హబీబ్ 1977 సెప్టెంబర్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. ఆట 2-2గా ముగిసింది. కాస్మోస్ సమం చేసింది పెనాల్టీతోనే.

లైన్స్‌మన్ లేని ఆటకు

ఊరి ఆటలో చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. మ్యాచ్ మొదలుకాకముందే ఆఫ్‌సైడ్ ఉందా లేదా రెండు జట్లూ ఒప్పుకోవాలి. చిన్న గ్రౌండులో ఐదుగురు, ఏడుగురు ఆడుకునేటప్పుడు అది లేకుండా ఆడటమే సులువు. ఐదుగురు ఆడే ఫుట్‌సల్‌లో ఎలాగూ ఆఫ్‌సైడ్ లేదు. ఉంటుందనుకుంటే ఇరువైపుల నుంచీ ఒక్కొక్కరిని గీత దగ్గర నిలబెట్టాలి. వాళ్లు చివరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా కదులుతూ ఉండాలి, దూరంగా నిలబడి చెయ్యెత్తితే లాభం లేదు. పెనాల్టీ ఏరియాను సున్నంతోనో రాళ్లతోనో ముందే గుర్తుపెట్టాలి. రెఫరీగా ఉన్న అన్నో మాస్టారో చెప్పిందే ఆఖరి మాట అని ముందే అనుకోవాలి. చెయ్యి తగిలిందని తెలిసినవాడు తనే చెప్పేస్తే అసలు వాదనే ఉండదు. పిల్లలకు అది నేర్పాల్సింది ఇంట్లోవాళ్లే.