పాత ల్యాప్‌టాప్‌లో టైమ్, సెట్టింగ్స్ పోతున్నాయా? మదర్‌బోర్డు మార్చే ముందు ఈ బిళ్ల బ్యాటరీ చూడండి

యర్రగొండపాలెం: ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంది. సరిచేసి పని చేసుకుంటారు. రాత్రి చార్జర్ పీకి పక్కన పెడితే, తెల్లారి మళ్లీ అదే పాత తేదీ. కొన్నేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే తంటా ఇది. చూడ్డానికి చిన్నదే. కానీ స్కాలర్‌షిప్‌కో, ఎంట్రన్స్‌కో, ఉద్యోగానికో అప్లై చేయాల్సిన ఆఖరి రోజున ఇది జరిగితే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. సైట్ తెరుచుకోదు. యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు లాంటి చోట రిపేర్ కోసం మార్కాపురం దాకా వెళ్లొస్తే ఒక రోజు పోయినట్టే.

అలాంటప్పుడు చాలామంది ముందు నెట్‌ను తిట్టుకుంటారు. హాట్‌స్పాట్ మారుస్తారు, సిమ్ మారుస్తారు. తప్పు నెట్‌ది కాదు. ప్రతి సురక్షిత వెబ్‌సైట్‌కూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. బ్రౌజర్ ఆ తేదీలను ల్యాప్‌టాప్ గడియారంతో పోల్చి చూస్తుంది. గడియారం 2012 అంటుంటే, ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే క్రోమ్‌లో ‘యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్’ అనే హెచ్చరిక వస్తుంది. అర్జెంట్ పని ఉంటే తేదీ, టైమ్, ముఖ్యంగా సంవత్సరం చేత్తో సరిచేసి పేజీని మళ్లీ లోడ్ చేయండి. చాలాసార్లు అంతటితో సైట్ తెరుచుకుంటుంది.

అసలు టైమ్ ఎందుకు పోతుంది?

ల్యాప్‌టాప్ ఆపేసినా లోపల ఒక చిన్న గడియారం నడుస్తూనే ఉంటుంది. అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది, అదే ఒక సెకను. చేతి వాచీలో ఉండేదీ ఈ స్ఫటికమే. కరెంటు లేనప్పుడు ఈ గడియారాన్ని నడిపేది రూపాయి బిళ్లంత ఉండే 3 వోల్టుల బటన్ సెల్. మెకానిక్‌లు దీన్నే సీమాస్ బ్యాటరీ అంటారు.

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో ఈ ఏర్పాటే లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైమ్ మనమే కొట్టాలి. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో బ్యాటరీతో నడిచే గడియారం, దాంతోపాటు సెట్టింగ్స్ దాచుకునే 64 బైట్ల మెమరీ ఒకే చిప్‌లో పెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లు టైమ్, సెట్టింగ్స్ రెండూ ఆ ఒక్క సెల్ మీదే బతికాయి. కొత్త మోడళ్లలో సెట్టింగ్స్‌ను ఎక్కువగా కరెంటు అక్కర్లేని ఫ్లాష్ చిప్‌లో దాస్తున్నారు. అందుకే కొందరికి టైమ్ ఒక్కటే పోతుంది, కొందరికి బూట్ ఆర్డర్ దగ్గర్నుంచి అన్నీ పోతాయి.

తేడా ఎంతుందో చూడండి

సెల్ కొనే ముందు గడియారం ఎంత తప్పుతోందో గమనిస్తే సగం జవాబు దొరికినట్టే. సంవత్సరమే వెనక్కి పోతుంటే అనుమానం సెల్ మీదే. సరిగ్గా ఐదున్నర గంటలు తేడా వస్తుంటే సెల్ తప్పు కాదు. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండూ వేసుకున్నవారికి ఇలా జరుగుతుంది. లోపలి గడియారంలో ఉన్నది గ్రీన్‌విచ్ టైమ్ అని లైనక్స్ అనుకుంటుంది, విండోస్ మాత్రం మన టైమ్ అనుకుంటుంది. ఆ రెంటికీ తేడా ఐదున్నర గంటలే. ఇక పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు తేడా ఉంటే, కొత్తగా విండోస్ వేసినవారు టైమ్ జోన్‌ను అమెరికా పసిఫిక్ మీదే వదిలేసి ఉంటారు.

ఇంకో పరీక్ష ఉంది. టైమ్ సరిచేసి, ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున నెట్ కలపకుండానే ఆన్ చేసి చూడండి. నెట్ కలిపితే విండోస్ తనే టైమ్ సరిచేసుకుని అసలు జబ్బును దాచేయొచ్చు. కొన్ని మోడళ్లు ఆన్ అవుతూనే చెప్పేస్తాయి. డెల్‌లో ‘టైమ్ ఆఫ్ డే నాట్ సెట్’ అని, హెచ్‌పీలో ‘సీమాస్ రీసెట్ 502’ అని, లెనోవో థింక్‌ప్యాడ్‌లో 0271 నంబరుతో తేదీ, టైమ్ చూసుకోమని వస్తుంది.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంటుంది. పెద్ద బ్యాటరీ పాడైతే దాన్ని తీసి పారేసి, చార్జర్ మీదే ల్యాప్‌టాప్ నడుపుతుంటారు. కరెంటు పోయినా, ప్లగ్ తీసినా ఇక భారమంతా చిన్న సెల్ మీదే పడుతుంది. అది త్వరగా అయిపోతుంది. కొన్ని సన్నటి మోడళ్లలో బటన్ సెల్ అసలు ఉండదు, గడియారానికి కూడా పెద్ద బ్యాటరీయే దిక్కు. వాటిలో పెద్ద బ్యాటరీ మార్చాలే తప్ప వేరే దారి లేదు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ సర్వీస్ మాన్యువల్ వెతికితే సెల్ ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో తెలుస్తుంది.

సెల్ తీసే ముందు ఈ రెండూ మర్చిపోవద్దు

మొదటిది బిట్‌లాకర్. విండోస్‌లో డ్రైవ్‌కు ఈ తాళం పడి ఉంటే, సెల్ తీసి సెట్టింగ్స్ మారాక ల్యాప్‌టాప్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకపోతే ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ప్రాజెక్ట్ ఫైళ్లు అన్నీ లోపలే ఉండిపోతాయి. 100 రూపాయలు కూడా కాని సెల్ కోసం ఉన్న డేటా అంతా పోగొట్టుకోవడం అంటే ఇదే. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

రెండోది బయోస్. ఆన్ చేస్తూనే డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా శాటా మోడ్, బూట్ మోడ్ ఎలా ఉన్నాయో చూడండి. ఇవి మారిపోతే విండోస్ బూట్ కాక నీలం తెర వస్తుంది. దాన్ని చూసి హార్డ్‌డిస్క్ పోయిందనుకునేవాళ్లు బోలెడుమంది.

ఏ సెల్ కొనాలి?

పాత మోడళ్లలో ఎక్కువగా ఉండేది సీఆర్ 2032. 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. వాచీ షాపుల్లోనూ దొరుకుతుంది. మల్టీమీటర్ ఉంటే పాతదాన్ని కొలవండి. కొత్త సెల్ 3 వోల్టులు, ఆపైన చూపిస్తుంది. 2.7 కంటే తగ్గితే మార్చేయడమే.

అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో సెల్‌కు రెండు వైర్లు, చిన్న కనెక్టర్ అతికించి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. అది వాచీ షాపులో దొరకదు, కంప్యూటర్ స్పేర్ పార్ట్స్ షాపులోనో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. పాత వైర్లు కోసి మామూలు సెల్‌కు టంకం పెట్టే ప్రయత్నం చేయకండి, వేడికి సెల్ పగలొచ్చు. సెల్ మీద ఎంఎల్ లేదా వీఎల్ అక్షరాలుంటే అది చార్జ్ అయ్యే రకం. దాని స్థానంలో చార్జ్ కాని సీఆర్ రకం పెట్టడం ప్రమాదం. పాత సెల్ మీదున్న పేరు చూసి, అదే రకం తీసుకోండి.

మార్చేటప్పుడు చార్జర్, పెద్ద బ్యాటరీ రెండూ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కొన్ని మోడళ్లలో సెల్ ర్యామ్ మూత కిందే కనిపిస్తుంది. కొన్నింటిలో కీబోర్డ్ కూడా ఊడదీయాలి. అది అలవాటు లేనివాళ్లు చేసే పని కాదు, మెకానిక్‌కు ఇవ్వడమే మేలు.

ఇంట్లో చిన్న పిల్లలుంటే ఒక జాగ్రత్త. పాత సెల్‌ను ఊరికే టేబుల్ మీద వదలకండి. పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని, 2 గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. ‘అయిపోయిన’ సెల్ అయినా అంతే. వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మార్చాక ఏం చేయాలి?

ముందు బయోస్‌లోకి వెళ్లి తేదీ, టైమ్ పెట్టి, ఫోన్‌లో తీసుకున్న ఫొటోల ప్రకారం మిగతావి సరిచేసి సేవ్ చేయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ దగ్గర ‘సింక్ నౌ’ నొక్కండి. గడియారం మరీ వెనకబడి ఉంటే విండోస్ తనంతట తాను సరిచేయకపోవచ్చు. అందుకే ముందు చేత్తో దగ్గరి టైమ్ పెట్టి, ఆ తర్వాత సింక్ చేయాలి.

కొత్త సెల్ కూడా కొన్ని వారాల్లోనే అయిపోతే బోర్డులో ఎక్కడో కరెంటు లీకవుతున్నట్టు. మదర్‌బోర్డు మాట అప్పుడు వినొచ్చు, అంతకు ముందు వద్దు. టైమ్ సరిగ్గానే ఉండి వాల్‌పేపర్, డెస్క్‌టాప్ ఫైళ్లు మాత్రం మాయమవుతుంటే సెల్‌తో సంబంధం లేదు. విండోస్ టెంపరరీ ప్రొఫైల్‌తో లాగిన్ అవుతూ ఉండొచ్చు. ఇంటర్నెట్ సెంటర్ నుంచి కొన్న సెకండ్ హ్యాండ్ సిస్టమ్ అయితే, రీస్టార్ట్ చేయగానే అన్నీ పాతస్థితికి తెచ్చే డీప్ ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉందేమో చూడండి.

రేపే లాస్ట్ డేట్, సెల్ ఇంకా చేతికి రాలేదు అంటారా? చార్జర్ తీయకుండా, షట్‌డౌన్ చేయకుండా స్లీప్‌లో పెట్టి నడపండి. కరెంటు పోయి ఆగిపోతే, అప్లికేషన్ సైట్ తెరిచే ముందు సంవత్సరం ఒకసారి చూసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే షాపు బిల్లులు కొడుతుంటే, ఈ మధ్య కొట్టినవాటి తేదీలు కూడా వెనక్కి వెళ్లి సరిచూసుకోవాలి.