పాన్‌యార్డులో సాయంత్రం: ట్రినిడాడ్ వీధుల్లో తెలుగు జాడ ఎంతవరకు?

సాయంత్రం ఆరు దాటాక నర్సీపట్నం అబీద్ సెంటర్ చుట్టుపక్కల ఏ బండి ముందు నిలబడ్డా మూకుడులో పునుగులు పొంగుతూ కనిపిస్తాయి. పక్కనే ఇంకో బండి మీద ముంత మసాలా కలుపుతున్న గరిట చప్పుడు. ఏ వీధిలోనైనా అమ్మవారి సంబరం జరుగుతుంటే రెండు సందుల అవతల నుంచే డప్పు పిలుస్తుంది. భూగోళానికి అవతలి పక్క, కరీబియన్ దీవి ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనూ కార్నివాల్ ముందు వారాల్లో పొద్దు వాలితే జనం ఇలాగే వీధిన పడతారు. చేతిలో కాగితంలో చుట్టిన ‘డబుల్స్’, చెవిలో నూనె డ్రమ్ముతో చేసే స్టీల్‌పాన్ మోత. ఒక వాయిద్య బృందం సాధన చేసే ఆవరణ నుంచి ఇంకో ఆవరణకు నడక. ఆ ఆవరణను వాళ్ళు ‘పాన్‌యార్డు’ అంటారు.

ఈ దృశ్యాలు ఫోన్లో చూసిన మనవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: ‘అది మన వడే, ఇది మన డప్పే. మనవాళ్ళే ఓడల్లో తీసుకెళ్ళారు.’ వినడానికి బాగుంటుంది. నిజమెంతో తేల్చడానికి ఈ వ్యాసంలో మూడు రకాల ఆధారాలను విడివిడిగా చూద్దాం: వలస ఓడల లెక్కలు, వాయిద్యాల తయారీ, తిండి పేర్లు. పోలిక కనిపించినంత మాత్రాన చుట్టరికం రుజువైనట్టు కాదన్నది ఈ పరిశీలనకు పెట్టుకున్న కట్టుబాటు.

ఓడలు ఎవరిని తీసుకెళ్ళాయి

బ్రిటిష్ వలస దీవుల్లో బానిసత్వం 1834లో చట్టప్రకారం రద్దయింది. బానిసల్ని ‘అప్రెంటిస్’ల పేరుతో కట్టిపడేసిన ఏర్పాటు కూడా 1838లో ముగిసింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. ఆ ఏడాది మే 5న విట్బీ, హెస్పరస్ అనే ఓడలు కలకత్తా నుంచి బయల్దేరిన ఒప్పంద కూలీలతో బ్రిటిష్ గయానా చేరాయి. 1845 మే 30న ఫతేల్ రజాక్ ట్రినిడాడ్‌లో లంగరు వేసింది. 1917లో ఈ పద్ధతి ఆగేలోగా ట్రినిడాడ్‌కు సుమారు 1,44,000 మంది, గయానాకు సుమారు 2,39,000 మంది భారతీయులు వెళ్ళారు.

వీరిలో అత్యధికులు కలకత్తా రేవులో ఎక్కినవారు. అవధ్, భోజ్‌పురి ప్రాంతాల రైతుకూలీలు. మద్రాసు రేవులో ఎక్కినవారు గయానాలో నూటికి పదిమంది కన్నా తక్కువ. ట్రినిడాడ్‌లోనూ వాళ్ళది చిన్న వాటాయే. ఫ్రెంచి దీవుల సంగతి వేరు: 1853లో మార్టినిక్‌కూ 1854లో గ్వాడలూప్‌కూ మొదలైన వలసలో పుదుచ్చేరి, కారైకాల్ రేవుల పాత్ర పెద్దది. అందుకే అక్కడ దక్షిణాది ముద్ర ఎక్కువ.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, కరీబియన్ దీవుల్లో ‘మద్రాసీ’ అంటే మద్రాసు రేవులో ఎక్కినవాడని. ఆ మాటలో తమిళుడూ ఉన్నాడు, తెలుగువాడూ ఉన్నాడు. రెండు, ఉత్తరాంధ్ర నుంచి కూలి వెతుక్కుంటూ సముద్రం దాటినవాళ్ళలో ఎక్కువమంది దారి వేరు. మన పల్లెల్లో పెద్దలు ‘రంగం వెళ్ళాడు’ అని చెప్పుకునేది రంగూన్ గురించే. మారిషస్, నటాల్, ఫిజీ కూడా విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల వాళ్ళు చేరిన చోట్లే. కాబట్టి ట్రినిడాడ్ వీధిలో కనిపించే ఏ భారతీయ వస్తువునైనా ముందు భోజ్‌పురి వైపు నుంచి వెతకాలి, మన వైపు నుంచి కాదు.

నూనె డ్రమ్ము పాడిన కథ

స్టీల్‌పాన్ పుట్టుకను ఈ వలసల లెక్క పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. పాన్ మూలాలు బానిసత్వం నుంచి బయటపడ్డ ఆఫ్రికా సంతతి వాళ్ళ కార్నివాల్లో ఉన్నాయి. 1881లో కాగడాల ఊరేగింపును అణచబోయిన పోలీసులకూ జనానికీ మధ్య పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పెద్ద ఘర్షణ జరిగింది. 1884లో వచ్చిన శాంతిభద్రతల శాసనం తోలు వాయిద్యాల మీద ఆంక్షలు పెట్టింది. తోలు వద్దంటే జనం వెదురు పట్టారు. లావుపాటి బొంగుల్ని నేలకేసి కొట్టడం, సన్నటివాటిని ఒకదాంతో ఒకటి తాటించడం: దాన్ని ‘తంబూ బంబూ’ అన్నారు. 1930ల చివరికి వెదురు పక్కకు బిస్కెట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు, చెత్తబుట్టల మూతలు, మోటారు బండి బ్రేకు డ్రమ్ములు వచ్చి చేరాయి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగిన కార్నివాల్ 1945లో విజయోత్సవంగా వీధిలోకి తిరిగొచ్చేసరికి ఇనుప మోతదే రాజ్యం. ఆ తర్వాతి ఏళ్ళలో 55 గ్యాలన్ల నూనె డ్రమ్ము ఈ వాయిద్యానికి ఒళ్ళయింది.

రేకు మీద మొదట విడివిడి స్వరాలు పలికించిందెవరన్న దానిమీద పేటకో వాదన ఉంది. విన్‌స్టన్ స్ప్రీ సైమన్ అని ఒకరు, నెవిల్ జూల్స్ అని ఇంకొకరు. ఎలీ మానెట్ పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఒక్కడి చేతిమీదుగా పుట్టిన వస్తువు కాదన్నది మాత్రం అన్ని కథనాల్లోనూ కామన్. 1951లో లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌కు జోసెఫ్ గ్రిఫిత్ తీర్చిదిద్దిన ‘టాస్పో’ బృందం వెళ్ళింది. అంతవరకు అల్లరిమూకల మోతగా చూసిన దానికి కచేరీ హోదా వచ్చింది. 1963లో పాన్ బృందాల ‘పనోరమా’ పోటీలు మొదలయ్యాయి. 1992లో పాన్ జాతీయ వాయిద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది. ట్రినిడాడ్ రాజచిహ్నంలో ఉన్న కొలంబస్ ఓడల స్థానంలో పాన్‌ను పెట్టాలని 2025 జనవరిలో అక్కడి పార్లమెంటు తీర్మానించింది.

తయారీని దగ్గర నుంచి చూస్తే దీని వంశం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మన రోడ్డు పనుల దగ్గర తారు నింపి ఉండే డ్రమ్ము లాంటిదే తీసుకుని, అడుగును పైకి తిప్పి, సమ్మెటతో కొట్టి కొట్టి లోతైన గిన్నెలా దించుతారు. అందులో స్వరానికో మడి గీసి, గీత వెంబడి పంచ్‌తో గాడి కొడతారు. పెద్ద మడి మంద్రం, చిన్న మడి తారం. పక్క రేకును అవసరమైనంత ఎత్తుకు కోస్తారు: తారస్థాయి పాన్‌కు జానెడు, బేస్‌కు డ్రమ్ము మొత్తం. తర్వాత మంట మీద కాల్చి చల్లార్చి, చిన్న సుత్తితో శ్రుతి చేస్తారు. ప్రతి మడిలోనూ అసలు స్వరంతో పాటు దాని పై స్థాయి కూడా పలికేలా రేకును సర్దుతారు. రబ్బరు తొడిగిన పుల్ల తగలగానే వచ్చే ఆ మెరుపు అందువల్లే.

మంట మాట వచ్చింది కాబట్టి ఒక చిక్కు ఇక్కడే విప్పాలి. మన డప్పునూ వాయించే ముందు మంటకు కాస్తారు. పాన్‌నూ కాలుస్తారు. రెంటినీ ముడిపెట్టడం సులువు. కానీ డప్పును కాస్తే తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది. ఆ బిగువు కాసేపే, మళ్ళీ మళ్ళీ కాయాల్సిందే. పాన్‌ను కాల్చేది సుత్తిదెబ్బలకు ఉక్కులో మిగిలిపోయిన ఒత్తిడి తీసి, శ్రుతి నిలబడేలా చేయడానికి. అది తయారీలో ఒక్కసారి జరిగే పని. నిప్పు రెండుచోట్లా ఉంది, కారణం వేరు. కళ్ళకు కనిపించిన పోలిక ఇక్కడ చుట్టరికం కాలేకపోయింది.

అలాగని పాన్‌లో భారతీయ సంతతి చేయి లేదనీ కాదు. రెనిగేడ్స్ బృందానికి స్వరరచన చేసిన జిత్ సమరూ (1950–2016) పనోరమాను తొమ్మిదిసార్లు గెలిపించాడు. వందమంది వాయించే బృందానికి ఆయన కట్టిన వరసలు పాన్ చరిత్రలో ఒక ఘట్టం. వాయిద్యం పుట్టుక ఒక సంగతి, దాన్ని పెంచిన చేతులు ఇంకో సంగతి. రెంటినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే.

భారతీయ వాయిద్యంగా ట్రినిడాడ్ వీధుల్లో మోగేది ‘తాసా’. మట్టి కుండ మీద తోలు బిగించి, పుల్లలతో వాయించే డోలు. మన పీర్ల పండగల్లో వినిపించే తాషాకు చుట్టం. అక్కడి పీర్ల పండగ పేరు ‘హోసే’. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో దగ్గర ఆ ఊరేగింపు మీద కాల్పులు జరిగి కనీసం 16 మంది చనిపోయారు. కార్నివాల్ డోలును అణచిన సంవత్సరమే హోసే డోలుకూ గుండు తగిలింది. తాసా మీద పుస్తకమే రాసిన సంగీత పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ కూడా ఇండో-కరీబియన్ సంగీతాన్ని ప్రధానంగా భోజ్‌పురి సంప్రదాయం కొనసాగింపుగానే చూస్తాడు. ఓడల లెక్కతో ఇది సరిపోతుంది.

చేతిలో డబుల్స్

పాన్‌యార్డు బయట ఆగితే తిండి. డబుల్స్ అంటే రెండు ‘బారా’ల మధ్య శనగల కూర. బారా పసుపు కలిపి పులియబెట్టిన మైదాతో చేసిన మెత్తటి, పల్చటి పూరీ లాంటిది. పైన చింతపండు చట్నీ, దోసకాయ తురుము, మిరప సాస్. కారం ఎంత కావాలో ముందే చెప్పాలి, ‘స్లైట్’ అంటే ఓ చుక్క. కూరగాయ ముక్కలూ మిరపకాయలూ కలిపి చేసిన ఒక ఘాటైన పచ్చడి పేరు ‘మదర్ ఇన్ లా’. అత్తగారి పేరు అలా నిలిచిపోయింది. చెంచా ఇవ్వరు. నిలబడి, పై బారాను చించి దాంతోనే శనగలు ఎత్తుకుని తినాలి.

ప్రిన్సెస్ టౌన్‌లో 1936లో ఇమాముల్ దీన్, రసూలన్ దంపతులు దీన్ని మొదలుపెట్టారన్నది బాగా ప్రచారంలో ఉన్న కథ. ముందు ఒక్క బారాతోనే అమ్మేవారట. రెండు వేయమని కొనేవాళ్ళు అడగడంతో పేరు స్థిరపడిందట. వాళ్ళ కుమారుడు బద్రు దీన్ జ్ఞాపకాల పుస్తకమూ రాశాడు. ఇది కుటుంబం ఇచ్చిన సాక్ష్యం. విలువైనదే, కానీ దాన్ని కుటుంబ సాక్ష్యంగానే చదవాలి.

‘బారా’ మాటకూ మన ‘వడ’కూ మూలం ఒకటే, సంస్కృత ‘వటక’. అంతమాత్రాన బారా మన వడ కాదు. ఉత్తరాదిలో ‘బడా’గా మారిన రూపమే భోజ్‌పురి నోట ఓడెక్కింది. అక్కడ మినప్పప్పుతో చేసేది, ట్రినిడాడ్‌లో మైదాకు మారింది. పేరు నిలిచి పదార్థం మారిపోయింది. ‘ఫులోరీ’ది ఇందుకు దగ్గరి కథే: చూడ్డానికి అచ్చం మన పునుగు, చింతపండు చట్నీతోనే ఇస్తారు. కానీ పునుగు దోసెల పిండి బిడ్డ, ఫులోరీ శనగపిండి ఫులౌరీకి వారసురాలు. ఇప్పుడక్కడ ఎండు బఠానీ పప్పు పిండితో చేస్తారు. చేమ ఆకులకు పప్పు ముద్ద పూసి, చుట్టి, వేయించే ‘సహీనా’ కూడా ఉత్తరాది ఇంటిదే.

ఎదురు దిశలో వచ్చినదీ ఒకటుంది. మన బజ్జీల్లో మిరపకాయ అమెరికా ఖండాల పంట. పోర్చుగీసు వాళ్ళ రాకపోకల తర్వాతే ఇటు వచ్చింది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కారం నర్సీపట్నం నాలుకకు తెలిసినట్టు అనిపిస్తే, అందుకు కూలీల ఓడ కన్నా పాత కారణం ఉంది.

బెర్బీస్‌లో వినిపించే తప్పు

ఇక మన జాడ వెతకాల్సిన చోటు గయానా తూర్పు భాగంలోని బెర్బీస్. అక్కడి మద్రాసీ సంతతి వాళ్ళ కాళీ, మారియమ్మ గుళ్ళలో పూజ సాగేది ‘తప్పు’ మోతతో. గుండ్రటి చట్రం, దానికి బిగించిన మేకతోలు, భుజానికి వేలాడే తాడు, రెండు పుల్లలు. వాయించే ముందు మంటకు కాస్తారు. చిర్ర, చిటికెన పుల్ల పట్టి డప్పు కొట్టేవాడికి ఈ వర్ణన తన ఇంటి సంగతిలా ఉంటుంది. పాన్ విషయంలో తేలిపోయిన మంట పోలిక ఇక్కడ నిలబడుతుంది. కారణం కూడా అదే, తోలు బిగువు.

మరి ఇది తెలుగు డప్పేనా? ‘తప్పు’ అన్న పేరు తమిళంలోనూ ఉంది, ‘పరై’ అనే తమిళ డప్పు కుటుంబానిది. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు ఉన్నాయి. గుండె మీద తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ ఆడతారు. అయితే అది వాయించే తీరు బెర్బీస్ తప్పుకు దూరం. మారియమ్మ కొలుపు తమిళ, తెలుగు నేలలు రెంటికీ ఉమ్మడి. క్రికెటర్ వీరస్వామి పెర్మాల్ లాంటి పేర్లు మద్రాసు మూలం చెబుతాయి గాని, ఇంటి భాష చెప్పవు. గయానా ప్రధానిగా చేసిన మోజెస్ నాగముత్తు బెర్బీస్‌లోని మద్రాసీ పల్లె జీవితం మీద నవల రాశాడు. అక్కడా ఆ సముదాయం తనను ‘మద్రాసీ’ అనే పిలుచుకుంటుంది. రుజువు మనల్ని తీసుకెళ్ళేది ఇంతవరకు: ఇది దక్షిణాది డప్పు, తెలుగు–తమిళ పొత్తు ఆస్తి. మన ఒక్కరి పేర రాయించుకోవడానికి ఈ దస్తావేజు చాలదు.

ఇక చేయాల్సిన పని

ఒప్పంద కూలీల రికార్డులు 2011లో యునెస్కో ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ జాబితాలో చేరాయి. ఒక్కో వలస పత్రంలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద మచ్చలు రాసి ఉంటాయి. తోటయజమానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఏ డోలు వాయించగలడో, ఇంట్లో ఏ పిండి రుబ్బుకునేవారో రాసుకునే గడి అందులో లేదు. కాబట్టి ఊరి పేర్లు కాగితంలో వెతకాలి, దరువులు చేతుల్లో వెతకాలి.

నర్సీపట్నం చుట్టుపక్కల అమ్మవారి సంబరాల్లో వాయించే దరువుల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసి, ఏ దెబ్బ చిర్రది, ఏది చిటికెన పుల్లదో గుర్తులు వేసి, బెర్బీస్ గుళ్ళ దరువుల పక్కన పెట్టి చూడాలి. అదే పని తమిళ పల్లెల దరువులతోనూ చేయాలి. మూడూ పక్కపక్కన పెట్టాక ఏ దెబ్బ ఎవరిదో చెప్పాల్సింది డప్పు కొట్టేవాళ్ళే. ఆ బల్ల ముందు వ్యాసకర్త పక్కన వాళ్ళకూ కుర్చీ వేయాలి.