మహిళలలో పరిధీయ ధమనీ వ్యాధి

పరిధీయ ధమనీ వ్యాధి అనగా గుండెకు, మెదడుకు వెలుపలనున్న ధమనులు, ముఖ్యంగా కాళ్ళకు రక్తాన్ని చేర్చే ధమనులు, లోపలి గోడలలో కొవ్వు పేరుకొని ఇరుకు కావడం. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, అధిక కొలెస్టరాల్ దీనికి ప్రధాన కారణాలు. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

గుర్తింపు

నడిచేటప్పుడు పిక్క పట్టివేయడం, నిలబడితే తగ్గిపోవడం దీని ప్రసిద్ధ లక్షణం. అయితే చాలామంది స్త్రీలలో ఇది స్పష్టంగా ఉండదు. కాళ్ళు బరువెక్కడం, త్వరగా అలసిపోవడం మాత్రమే ఉండవచ్చు. వీటిని వయసుకో, మోకాళ్ళ వాతానికో ఆపాదించడం వలన వ్యాధి ఆలస్యంగా బయటపడుతుంది. నొప్పికి భయపడి నడక తగ్గించుకొన్నవారికి ఆ నొప్పి కూడా తెలియదు.

చీలమండ వద్ద రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించగా వచ్చే నిష్పత్తి 0.90 లేదా అంతకు తక్కువైతే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. దీర్ఘకాల మధుమేహంలో ధమనులు గట్టిపడి ఈ అంకె తప్పుగా ఎక్కువ రావచ్చు. అప్పుడు కాలివేలి వద్ద రక్తపోటు కొలుస్తారు.

చికిత్స

మొదటి చికిత్స పొగాకు మానడం, నడక. నొప్పి ఒక మోస్తరుగా వచ్చేవరకు నడిచి, ఆగి, తగ్గిన తరువాత మరల నడవాలి. ఇలా వారానికి కనీసం 3 రోజులు, 30 నుండి 45 నిమిషాలు, కనీసం 12 వారాలు చేయాలి. ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, స్టాటిన్ మందులు గుండెపోటు, పక్షవాతం ముప్పును తగ్గిస్తాయి. సిలోస్టజోల్ నడవగల దూరాన్ని పెంచుతుంది కాని గుండె వైఫల్యం ఉన్నవారికి ఇవ్వరాదు. విశ్రాంతిలోనూ నొప్పి ఉన్నా, పుండు మానకున్నా బెలూన్‌తో ధమనిని వెడల్పు చేయడమో, బైపాస్ శస్త్రచికిత్సో అవసరమవుతుంది. స్త్రీల ధమనులు సన్నగా ఉండడం వలన ఇవి కొంత కష్టతరం. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తీవ్రంగా నొప్పిస్తే గంటలలోపే ఆసుపత్రికి చేరాలి.

అనంతపురం ప్రాంతంలో

వర్షచ్ఛాయ ప్రాంతమైన ఈ పీఠభూమిలో మెట్ట వేరుశనగే ప్రధానమైన పంట. చెప్పులు లేకుండా చేనిలో పనిచేసే మధుమేహ రోగికి ముల్లు గుచ్చుకొన్నా తెలియకపోవచ్చు. స్పర్శ లేని పాదానికి వేడి కాపడం పెట్టడం మరీ ప్రమాదకరం, చర్మం కాలి పుండు పడుతుంది. రక్తం చాలని కాలికి గట్టి కట్టు కట్టడం కూడా అటువంటిదే. కూలి పోతుందని వాయిదా వేసిన పుండు చివరకు కాలినే తీయించవచ్చు.

అనంతపురంలో 2000లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అనుబంధంగా ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదట అమలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి.