చట్టంలోకి ఎక్కిన విల్లు

1878లో బ్రిటిష్ సర్కారు తెచ్చిన ఆయుధాల చట్టం గురించి చెప్పేవాళ్లు తుపాకుల గురించే చెబుతారు. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, ఈ దేశపువాడికి కావాలి, అందుకే కాంగ్రెసు దాన్ని తప్పుపట్టింది అనేంతవరకే ఆ కథ. నాలుగో సెక్షను చదివితే మన సంగతి కనబడుతుంది. ఆయుధాలంటే ఏవో చెబుతూ తుపాకులు, బాయినెట్లు, కత్తులు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు అని వరసగా రాసి, వాటి పక్కనే విల్లంబులను కూడా పేరు పెట్టి చేర్చారు.

పదమూడో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకుని తిరగడం నేరం. ఏ ప్రాంతానికి, ఏ మనుషులకు, ఏ ఆయుధానికి మినహాయింపు ఇవ్వాలన్నది సర్కారు ఇష్టం. అంటే పోడుకు పోతూ, వేటకు పోతూ మన తాతలు భుజాన వేసుకున్న విల్లు ఆ నాటి నుంచి హక్కు కాదు, సర్కారు ఊరుకున్నంత కాలం ఉండే వస్తువు. అంతకు ఇరవై మూడేళ్ల ముందు, 1855లో, సంతాలులు విల్లంబులతోనే కంపెనీ సైన్యాన్ని ఎదిరించారు. చట్టం రాసినవాళ్లు ఆ మాట మరిచిపోయారని నేననుకోను.

ఇరవయ్యో సెక్షను ఇంకా గట్టిది. లైసెన్సు లేని ఆయుధాన్ని అధికారుల కంట పడకుండా దాచే ఉద్దేశంతో ఉంచుకుంటే ఏడేళ్ల దాకా జైలు. జేబులో పిస్తోలు పెట్టుకుని కచేరీకి వచ్చేవాడిని చూస్తే ఎవరికైనా భయమే, కాదనను. అయితే దాక్కోవడం విల్లుకు చేతకాదు. మనిషంత పొడుగున భుజం మీద అందరికీ కనబడుతూనే ఉంటుంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుకూ వేటకూ అడ్డం పడింది. విల్లు చేతిలో ఉన్నా దాంతో పని చేసుకునే చోటు తగ్గిపోయింది.

ఇక సర్కారు కట్టడాల్లో ఆయుధాల మాటకొస్తే, మన్యంలో తుపాకులు నిండుగా ఉన్న కట్టడం పోలీసు ఠాణా. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, మన కొండవాళ్లు పడ్డారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు పట్టుకుపోయారు. ఏమేం తీసుకుపోతున్నదీ ఠాణాలోనే రాసి పెట్టి మరీ వెళ్లారని మన్యంలో చెప్పుకుంటారు. ఒక నెల తరువాత, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. పితూరీకి కారణం మాత్రం ఆయుధాల చట్టం కాదు. కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించుకున్న అధికారులు, అడవిని మూసేసిన చట్టాలు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. అందులో విల్లంబుల పేరు తీసేశారు. వ్యవసాయానికీ ఇంటి పనికీ మాత్రమే చేసిన పనిముట్లు ఆయుధాలు కావన్నారు. గొడ్డలికి కొంత ఊపిరి ఆడింది. తుపాకీ కాని ఆయుధాలకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లోనే లైసెన్సు కావాలి. తుపాకీ ఉన్నవాడికి 1962 నిబంధనలు ఒక షరతు పెట్టాయి. జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప దాన్ని జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, జనం గుమిగూడే చోటికి, బడి ఆవరణలోకి తీసుకుపోకూడదు. మంచి షరతే. పిల్లలున్న చోట తుపాకీకి ఏం పని?

నా పేచీ వేరే. సిక్కుల కృపాణానికి రాజ్యాంగం 25వ అధికరణంలోనే చోటిచ్చింది. అది వాళ్ల మతంలో భాగమని రాసింది. కొడగు కొడవలకు 1861 నుంచీ తుపాకీ లైసెన్సులో మినహాయింపు ఉంది. 1857లో తెల్లవాళ్లకు ఎదురు తిరగనందుకు దొరికిన బహుమతి అది. 2019లో కేంద్రం దాన్ని 2029 అక్టోబరు 31 వరకు పొడిగించింది. వాళ్ల మీద నాకు ఈర్ష్య లేదు. తుపాకీని పూజించుకునే పండుగ వాళ్లకుంది, విల్లును మొక్కే ఆచారం మనవాళ్లలోనూ ఉంది. కాకపోతే తెల్లవాడితో మంచిగా ఉన్నవాడి తుపాకీకి మినహాయింపు కాగితం దొరికింది. తిరగబడినవాడి విల్లు 1878లో నేరంగా చట్టానికెక్కింది, 1959లో మాట్లాడకుండా దిగిపోయింది. సంస్కృతిగా మాత్రం ఏ చట్టంలోకీ రాలేదు.

పేరు లేకపోతే నష్టమేమిటని అడగొచ్చు. చట్టంలో రాసి లేని దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చూస్తారు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వేదిక మీద నాయకుడి చేతికి విల్లు ఇస్తే ఎక్కుపెట్టి ఫొటో దిగుతాడు, అది గౌరవం. అదే విల్లు మనవాడి భుజాన ఉండి, ఊళ్లో నిషేధాజ్ఞ (2024 దాకా 144 సెక్షను) ఉంటే అది మారణాయుధం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు అనుమతి లేదన్నారు, నిషేధాజ్ఞ పెట్టారు. ఆ సంగతి తెలియక గూడేల నుంచి గోండులు బయలుదేరి వచ్చారు. పోలీసులు కాల్చారు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. ఊళ్లలో చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ తరువాత చాలా ఏళ్లు, ఏప్రిల్ 20 వచ్చిందంటే స్తూపం దగ్గర దండం పెట్టుకోవడానికి కూడా అదే సెక్షను అడ్డం నిలిచింది.